అసలు, వడ్డీ, కొసరు

చిరంజీవి అమ్మాయికి,

దీవెనలు. నీ నవల అందింది. 312 పేజీలు! కొరియర్ అబ్బాయి కవరు చేతికిస్తూ "బరువుగా ఉందండీ, పచ్చళ్లా?" అని అడిగాడు. మొదటి వంద పేజీలు ఒక్క రాత్రిలో చదివేశాను. తర్వాతి వందకి మూడు రోజులు పట్టింది. చివరి వందకి వారం పైనే అయింది. మొదటి రాత్రి ఉన్న ఊపు తర్వాత ఎక్కడ పోయిందో చెబుదామనే ఈ ఉత్తరం.

ముందు బాగున్న సంగతి. అర్ధరాత్రి మాత్రమే తెరుచుకునే ఆ సంత నాకు తెగ నచ్చింది. నవ్వుల్ని సీసాల్లో పోసి అమ్మే ముసలాయన, పేర్లు అమ్మేసుకుని ఎవరు పిలిచినా తలతిప్పని మనుషులు, అన్నీ కళ్లకి కట్టాయి. తమ్ముడి జ్వరం ఎంతకీ దిగక, డాక్టర్లు చేతులెత్తేశాక, నీ వెన్నెల చెప్పుల్లేకుండా ఆ సంతలో అడుగుపెట్టిన పేజీ దగ్గర నా కాఫీ చల్లారిపోయింది. నీడల వ్యాపారి ఆ పిల్లని "ఏం కావాలి?" అని అడగడు. "ఏం తెచ్చావు?" అంటాడు. ఆ ప్రశ్న నేను రాసి ఉంటే బాగుండేదని కాసేపు కుళ్లుకున్నాను కూడా.

ఇక చివరి అధ్యాయం. వెన్నెల ఏడుస్తుంది. వ్యాపారి "నిన్ను ప్రేమిస్తున్నాను" అంటాడు. వెంటనే ఒప్పందం రాసిన తాటాకు దానంతటదే కాలి బూడిదవుతుంది. తమ్ముడు బతికాడు, వెన్నెల ఇచ్చిందంతా వెనక్కి వచ్చేసింది, మీదు మిక్కిలి పెళ్లి కూడా కుదిరింది. అమ్మా, దీన్ని మనవాళ్లు రుణమాఫీ అంటారు. మాఫీ అయిన అప్పు గురించి ఎవరైనా కథ చెప్పుకోగా విన్నావా?

నిన్ను ఒక్కదాన్నే అనడం లేదు, నేనూ ఈ పని చేశాను. ఓ వారపత్రికకి సీరియల్ రాసే రోజుల్లో, నా నాయిక భర్త ప్రాణం కోసం ఓ మంత్రగత్తెకి తన ఆయుష్షులో పదేళ్లు ఇచ్చింది. సీరియల్ బాగా నడుస్తోంది. చివర్లో ఎడిటర్‌గారు ఫోన్ చేసి, పాఠకులు ఏడవకూడదు, సుఖంగా ముగించండి అన్నారు. సరేనని మంత్రగత్తెకి మనసు కరిగించి, పదేళ్ల సంగతి గాలికి వదిలేశాను. రెండు వారాలకి ఒక కార్డు వచ్చింది. రాసినాయన ఎక్కడో గుమాస్తాలా ఉన్నాడు. "అమ్మా, కథ బాగుంది. ఆ అమ్మాయి ఇచ్చిన పదేళ్లు చివరికి ఎవరి ఖాతాలో జమ అయ్యాయో తెలియజేయగలరు" అని రెండే వాక్యాలు. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది. జవాబు మాత్రం ఇవ్వలేదు. ఏమని ఇస్తాను?

మన దగ్గర ప్రేమ కోసం అందరికంటే పెద్ద అప్పు చేసినవాడు ఎవరో నీకు తెలుసు. పద్మావతిని పెళ్లాడటానికి వేంకటేశ్వరుడి దగ్గర డబ్బు లేదు. పిల్ల తండ్రి ఆకాశరాజు, రాజుగారి ఇంటి పెళ్లి, మరి ఆ స్థాయికి తగ్గట్టు చెయ్యాలి. కుబేరుడి దగ్గర పత్రం రాసి అప్పు తెచ్చుకున్నాడు. కలియుగం అంతమయ్యేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడట. అందుకే వడ్డీకాసులవాడయ్యాడు, అందుకే హుండీ. కింద తిరుపతిలో గోవిందరాజస్వామి తలకింద కుంచం పెట్టుకుని పడుకుని ఉంటాడు కదా, తమ్ముడికి వచ్చిన కాసులు కొలిచి కొలిచి అలిసి అలా ఒరిగాడని చెప్పుకుంటారు. ఆ కథలో ఎవరో ఒకరు "కుబేరుడి మనసు కరిగి పత్రం చింపేశాడు" అని రాసి ఉంటే ఏమయ్యేది? పెళ్లి మిగిలేది గానీ, కొండకి కథ మిగిలేది కాదు. దేవుడంతటి వాడు కూడా పెళ్లికి అప్పు చేసి ఇంకా కడుతున్నాడంటే, పిల్ల పెళ్లికి అప్పు చేసిన ప్రతి ఇంటాయనకీ ఆ దేవుడు చుట్టమే.

నీ నవలలో అప్పు తీరకపోవడానికి ఇంకో కారణం ఉంది. అసలు అప్పెంతో నువ్వు రాయలేదు.

ఏడో అధ్యాయంలో వ్యాపారి "నీకు అత్యంత ప్రియమైనది ఇవ్వు" అంటాడు. వెన్నెల "నా జ్ఞాపకాలు తీసుకో" అంటుంది. ఏ జ్ఞాపకాలు? ఎన్ని? ఆ మాట చదివితే నాకు ఏమీ పోయినట్టు అనిపించలేదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఓపిక పట్టు.

మా మేనమామ చీరాలలో తాకట్టు కొట్టు నడిపేవాడు. ఎండాకాలం సెలవుల్లో నేను ఆ కొట్టులో ఒక మూల స్టూలు మీద కూర్చుని పుస్తకాలు చదువుకునేదాన్ని. చదివేది తక్కువ, వచ్చేపోయే వాళ్లని చూసేది ఎక్కువ. వచ్చేవాళ్లలో చాలామంది మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు. ఒకరోజు ఒకావిడ నల్లపూసల గొలుసు తెచ్చింది. మామయ్య దాని కొక్కేన్ని గీటురాయి మీద గీసి, త్రాసులో తూచి, పద్దుల పుస్తకం తెరిచాడు. నేను ఆయన భుజం మీంచి చదివాను. గొలుసు ఒకటి, ఎత్తు ఇంత, ఇచ్చిన సొమ్ము ఇంత అని రాసి, కింద మళ్లీ సన్నగా "కొక్కెం వంగినది, కుడివైపు మూడో పూస పగిలినది" అని రాశాడు.

"పగిలిన పూసకి విలువేముంది మామయ్యా, అదెందుకు రాయడం?" అన్నాను.

"విలువ కోసం కాదే. రేపు విడిపించుకునేటప్పుడు ఇది తనదేనని ఆవిడకి తెలియొద్దూ?" అన్నాడు.

ఆవిడ ప్రతి నెలా వడ్డీ కట్టడానికి వచ్చేది. కట్టేశాక వెంటనే వెళ్లేది కాదు. "ఒక్కసారి చూపించండి అన్నగారూ" అనేది. మామయ్య విసుక్కోకుండా ఇనప్పెట్టె తెరిచి, గుడ్డమూట విప్పి బల్ల మీద పెట్టేవాడు. ఆవిడ ముట్టుకునేది కాదు. వంగి, ఆ పగిలిన పూస ఎక్కడుందో చూసుకుని, "సరే, కట్టెయ్యండి" అని చెంగు సర్దుకుని వెళ్లిపోయేది.

నీ నవలలో ఆ పూస లేదు. అంటే, ఉంది గానీ నువ్వు దాన్ని గమనించలేదు. నాలుగో అధ్యాయంలో యథాలాపంగా ఒక ముక్క రాసి దాటేశావు, గుర్తుందా? చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా అమ్మ ఇద్దరి మధ్యా పడుకుని, తమ్ముడికి నాలుగు విసుర్లు, వెన్నెలకి నాలుగు విసుర్లు అని లెక్కపెడుతూ విసనకర్రతో విసిరేదని. వ్యాపారి చేత ఆ లెక్క అడిగించు. అదొక్కటే. వెన్నెలకి మొదట నవ్వొస్తుంది, ఇంతేనా అని ఇచ్చేస్తుంది. తమ్ముడు బతుకుతాడు. జ్వరం తగ్గిన మొదటి రాత్రి కరెంటు పోతుంది. ఆ పిల్లాడు మంచం మీంచి నీరసంగా "అక్కా, నాలుగు నాకు, నాలుగు నీకు" అంటాడు. వెన్నెల "ఏంట్రా నాలుగు?" అని అడుగుతుంది.

ఆ రెండు మాటలు రాయగలిగితే, తర్వాత నువ్వు పెట్టిన నలభై పేజీల ఏడుపు అక్కర్లేదు. కొట్టెయ్యి. పాఠకుడే ఏడుస్తాడు.

ఇప్పుడు కొసరు. నువ్వు సిటీ పిల్లవి, సూపర్ మార్కెట్లో బిల్లు కట్టి వచ్చేస్తావు. మా నాయనమ్మ కూరగాయలు కొనడం చూడాల్సింది. వంకాయలు బేరమాడి, తూకం వేయించి, డబ్బులిచ్చి, సంచీలో వేసుకుని, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి "ఆ కరివేపాకు రెబ్బ ఇలా పడెయ్యి" అనేది. బేరం ఎప్పుడో అయిపోయింది, అయినా అమ్మేవాడు కాదనలేడు. అసలు కన్నా కొసరు ముద్దు అని ఊరికే అనలేదు. మాయ బేరాల కథల్లో రచయితలందరూ అసలు మీదే కూర్చుంటారు: కన్నివ్వు, గొంతివ్వు, తొలి బిడ్డనివ్వు. మెలిక పెట్టాల్సింది కొసరులో. నీ వ్యాపారి అంతా అయ్యాక, వెన్నెల వెళ్లిపోతుండగా వెనక నుంచి ఏదో చిన్నది అడగాలి. "వచ్చే అమావాస్యకి ఒక్కసారి వచ్చి, ఈ అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్లు." అంతే. అది ఎందుకు అడిగాడో వాడికీ తెలియకూడదు. సంతలో కొసరు కూడా పద్దులోకి ఎక్కుతుందని, కొసరు తీసుకున్నవాడు కూడా బాకీ పడతాడని ఇరవయ్యో అధ్యాయంలో బయటపెట్టు. ఇద్దరూ అప్పులవాళ్లయ్యారా లేదా?

నీ బేరం సీన్ల మాటలు డబ్బింగ్ సినిమాలా ఉన్నాయి. "ఓ మానవ కన్యా, నీ విధిని ఎంచుకో" ఏమిటమ్మా? ఏ సంతలోనూ ఎవడూ అలా మాట్లాడడు. నువ్వు ఒకసారి పశువుల సంతకి వెళ్లిరా. అక్కడ పైకి మాట వినపడదు. కొనేవాడూ బేరగాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఇన్ని వేళ్లు నొక్కితే ఇంత, మడిస్తే ఇంత. చుట్టూ వంద మంది నిలబడ్డా ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. వెన్నెలా, వ్యాపారీ మొదటిసారి బేరమాడేది అలా ఎందుకు కాకూడదు? మొదటి స్పర్శ, మొదటి భయం, మొదటి అబద్ధం, అన్నీ ఒక తువ్వాలు కింద. నీ నవలలో ఇప్పుడున్న మొదటి ముద్దు సీను కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ముద్దు సీను తీసెయ్యమనడం లేదు, అది వేరే సంగతి.

నాకు నిజంగా టెన్షన్ పుట్టించిన సంగతి ఇప్పుడు చెప్తాను. నీ వ్యాపారి వయసు మూడు వందల ఏళ్లు. వెన్నెలకి పదిహేడు. అతని చేతిలో ఆమె తమ్ముడి ప్రాణముంది, ఆమె జ్ఞాపకముంది, ఒప్పందముంది. అలాంటివాడు ప్రేమిస్తున్నానంటే ఆ పిల్ల సరే అనడానికి ఎంత ప్రేమ ఉండాలో, ఎంత భయం ఉండాలో ఎవరు తేలుస్తారు? వేంకటేశ్వరుడి కథలో అప్పిచ్చినవాడు కుబేరుడు, పెళ్లాడింది పద్మావతిని. నీ కథలో కుబేరుడూ పద్మావతీ ఒకడే. నీ నవల బలం అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. నువ్వు ఆ ప్రమాదాన్ని చూడనట్టు నటించావు. మనుచరిత్రలో పెద్దన రాసిన మాయాప్రవరుడు గుర్తున్నాడా? వరూధిని మనసుపడ్డ ప్రవరుడి రూపం వేసుకొచ్చిన గంధర్వుడు, తన అసలు రూపం బయటపడకుండా, ఆవిడకి కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. చదివేవాళ్లకి ఆ షరతు ఎందుకో తెలుసు, ఆవిడకే తెలియదు. ప్రేమలో షరతు ఎవరి మేలు కోసం పెట్టారన్నది చూస్తే, పెట్టినవాడి సంగతి తెలిసిపోతుంది. నీ వ్యాపారి పెట్టే ప్రతి షరతు దగ్గరా వెన్నెల ఆ ప్రశ్న ఒకసారి అడగాలి. కోపంగానైనా సరే.

వయసు మాత్రం పంతొమ్మిది చెయ్యి. ఈ ఒక్కటీ చర్చించను.

"మరైతే ప్రేమకి ఏ పనీ లేదా?" అని నువ్వు ముక్కు ఎగబీలుస్తావు, నాకు తెలుసు. ఉంది. భారతం ఆదిపర్వంలో రురుడి కథ ఉంది, పెద్దగా ఎవరూ తలుచుకోరు. ప్రమద్వర అనే అమ్మాయి, పెళ్లి దగ్గర పడ్డాక పాము కాటుకి చనిపోతుంది. రురుడు అడవిలో కూర్చుని ఏడుస్తుంటే దేవదూత వచ్చి, ఆయుష్షు తీరిన మనిషి ఏడిస్తే తిరిగి రాదు, నీ ఆయుష్షులో సగం ఇస్తే లేస్తుంది అంటాడు. వెంటనే ఇచ్చేస్తాడు. ఆమె నిద్రలేచినట్టు లేస్తుంది. పెళ్లవుతుంది. చూశావా, ప్రేమ ధరని కొట్టెయ్యలేదు. ధర తన మీద వేసుకుంది. నీ వ్యాపారి తాటాకు కాల్చడం కాకుండా, సంతకి తన దగ్గరున్నదేదో కట్టి ఆ నాలుగు విసుర్ల లెక్క విడిపించాలి. ఏం కడతాడో నువ్వు ఆలోచించు. అదీ మామయ్య పద్దులాగే ఉండాలి, పగిలిన పూసతో సహా.

రురుడి కథ పెళ్లితో ఆగదు, నాకు ఇష్టమైన భాగం ఆ తర్వాతే. ప్రమద్వర బతికింది, పక్కనే ఉంది, అయినా రురుడి కోపం చల్లారదు. కనపడిన పామునల్లా కర్రతో కొట్టి చంపుతూ తిరుగుతాడు. చివరికి ఒక ముసలి డుండుభం, విషం లేని పాము, "నేనేం చేశానయ్యా నిన్ను?" అని అడిగేదాకా. బేరం లాభసాటిగా ముగిసినా మనిషి మునుపటి మనిషి కాడు. నీ చివరి అధ్యాయం తర్వాత వెన్నెల ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. తమ్ముడి నుదురు వెచ్చగా తగిలితే ఏం చేస్తుంది? ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తే తీసుకోగలుగుతుందా? ఒక్క పేజీ చాలు.

వెన్నెల తెలివితో గెలవాలని నీకు ఉంటే, దానికి సావిత్రి ఉంది. ఏడుపుతో గెలిచిందని చాలామంది అనుకుంటారు గానీ, ఆవిడ యముడి వెంట నడుస్తూ మాట్లాడింది, అంతే. యముడు వరమిచ్చిన ప్రతిసారీ "వీడి ప్రాణం తప్ప" అంటాడు. మామగారికి చూపు, పోయిన రాజ్యం, తండ్రికి కొడుకులు. తర్వాత తనకీ సత్యవంతుడికీ నూరుగురు కొడుకులు కావాలంటుంది, దానికీ సరే అంటాడు. ఇంక ఆ మాట నిజం కావాలంటే మొగుడు లేవాల్సిందే. ఆ పైన వరమిచ్చేటప్పుడు "తప్ప" అనే మాట యముడి నోట రాదు. వినేవాళ్లకి ఆ మాట అలవాటైపోయి ఉంటుంది కాబట్టే అది లేకపోవడం గట్టిగా వినపడుతుంది. నువ్వు పెట్టిన మెలికేమో, 290వ పేజీలో ఎవరో ముసలామె వచ్చి "ఈ ఒప్పందానికి ఒక రహస్య నియమం ఉంది" అంటుంది. ఆ ముసలామె అంతకుముందు ఎక్కడా లేదు. నియమమూ లేదు. నాకు ఒళ్లు మండింది.

మిగతావి చిన్నచిన్నవి. మంచు కోటలు, తోడేళ్లు అన్నీ పెట్టావు. ఉండనీ, కల్పనకి వీసా అక్కర్లేదు. కానీ నీ సంతలో వాన వాసన బాగుంది, మంచు వాసన నువ్వు ఎప్పుడూ చూడలేదని తెలిసిపోతోంది. "ఆమె హృదయం వేగంగా కొట్టుకుంది" 23 సార్లు ఉంది, పెన్సిల్‌తో లెక్కపెట్టాను. ఫోన్లో రోజుకో భాగం పెట్టే చోట ముందు ఈ నవల వేస్తున్నావని రాశావు. మంచిదే, నా రోజుల్లో వారపత్రిక ఏం చేసేదో అది ఇప్పుడు ఫోను చేస్తోంది. కానీ ప్రతి భాగం చివరా ఎవరో తలుపు కొట్టడం మానిపించు. నేనూ కొట్టించాను, వేళ్లు నొప్పి పుట్టేదాకా. కింద కామెంట్లలో "వాళ్లిద్దరినీ కలపండి ప్లీజ్" అని రాస్తారు. అది చదువు, సంతోషపడు. అలాగని వాళ్లు చెప్పినప్పుడు కలపకు. నా ఎడిటర్‌గారి ఫోను సంగతి చెప్పాను కదా.

ముందు ఏడో అధ్యాయం తిరగరాసి పంపు, మొత్తం నవల కాదు. ఈసారి అక్షరాలు పెద్దవిగా ప్రింట్ తీయించు, పోయిన నెల నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ వరసనుకో

తా.క.: ఆ నల్లపూసల ఆవిడ ఏమైందని నువ్వు తప్పకుండా అడుగుతావు. మరుసటి ఏడు సెలవులకి వెళ్లినప్పుడు ఇనప్పెట్టెలో ఆ మూట లేదు. పద్దుల పుస్తకం తిప్పి చూశాను. ఆ పద్దు మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. పక్కన మామయ్య రాత, దాని కింద నీలం సిరాతో వేలిముద్ర. "అసలు, వడ్డీ ముట్టినవి. గొలుసు పగిలిన పూసతో సహా చూసుకుని తీసుకున్నారు."